నేను మోసుకెళ్లిన బిస్కెట్ పెట్టె

విశాఖ స్టేషన్‌లో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కేసరికి నా దగ్గర రెండే సామాన్లు. భుజానికి లాప్‌టాప్ బ్యాగు, చంకలో ఓ అట్టపెట్టె. పెట్టెలో ఐదు రూపాయల గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్లు, లెక్కపెట్టి అరవై. ముందురోజు రాత్రి పూర్ణా మార్కెట్‌లో ఓ హోల్‌సేల్ కొట్లో కొన్నాను.

మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. ఆవిడ సెంటర్లో ఇరవై రెండు మంది పిల్లలు. తలా రెండు ప్యాకెట్లు పంచి, మిగతావి ఊళ్లో ఇంకా చిన్నవాళ్లకి ఇచ్చి, అందరితో ఓ ఫొటో దిగి స్టేటస్ పెట్టాలన్నది నా ప్లాన్. ఉద్యోగంలో చేరి ఐదేళ్లైంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ప్రతిసారీ తినడం, పడుకోవడం, తిరిగి రావడం. ఈసారైనా ఊరికి ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. ఏం చేశానో చెప్తాను, నవ్వకండి.

రైలు గురించి ఎక్కువ చెప్పను. ఆ రూట్ వీడియోలు మీ ఫోన్లో ఈపాటికి వందసార్లు చూసుంటారు. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. యాభైకి పైగా సొరంగాలు, ప్రతి సొరంగంలోనూ పిల్లల కేకలు. బొర్రా గుహల దగ్గర సగం బోగీ ఖాళీ అయిపోతుంది. శిమిలిగుడలో చలి కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చుంటుంది. 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ మీద ఇంతకన్నా ఎత్తైన స్టేషన్ లేదని చిన్నప్పుడు మేం గొప్పలు పోయేవాళ్లం. ఆ తర్వాత అరకు.

అరకు మీలో చాలామంది వచ్చే ఉంటారు. పద్మాపురం గార్డెన్స్, కాఫీ మ్యూజియం, బొంగులో చికెన్, చాపరాయి. మా ఊరు ఆ చాపరాయికి వెళ్లే దారిలోనే. డుంబ్రిగుడ రోడ్డులో ఆటో దిగి మట్టిదారి పట్టుకుంటే రెండు కిలోమీటర్లు. నవంబర్‌లో రెండు పక్కలా వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉంటాయి. టూరిస్టులు కార్లు ఆపుకుని చేలల్లోకి దిగి సెల్ఫీలు తీసుకుంటారు. ఆ పూలకి పక్కనే, మోకాలెత్తున, పిడికిలి ముడుచుకున్నట్టుండే గోధుమరంగు కంకుల చేను ఒకటుంటుంది. దాని ముందు ఎవరూ ఫొటో దిగరు. అవి చోళ్లు. మీరు రాగులంటారు. మా దగ్గర పిండిని చోడిపిండి అంటారు, అంబలిని చోడంబలి అంటారు.

అమ్మ పెట్టె విప్పి చూసింది.

"ఏటిరా ఇది?"

"పిల్లలకి. సెంటర్లో పంచుదామని."

తిట్టలేదు. తిడితే బాగుండేది. పెట్టె మళ్లీ మూసి, స్టూలెక్కి అటక మీద పెట్టింది. దిగి చేతులు దులుపుకుంటూ, "ఎల్లుండి తల్లుల మీటింగ్ ఉన్నాది. దేని మీదో తెలుసా? పొద్దున్నే పిల్లలకి ఏం పెట్టాలి అని. రెండు నెలల్నుంచి ఇంటింటికీ తిరిగి, పొద్దున్నే బిస్కెట్లు పెట్టొద్దని చెప్తన్నాను" అంది. కాసేపాగి, "రేపు ఐదున్నరకి లెగు. నాతో రా" అంది.

ఐదున్నర అంటే నాకు అర్ధరాత్రితో సమానం. నైట్ డిప్లాయ్‌మెంట్ ఉంటే తప్ప ఆ టైమ్ ఎలా ఉంటుందో తెలియదు. అయినా లేచాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడుస్తున్న అమ్మ శాలువా తప్ప ఏమీ కనపడలేదు. పొయ్యిల పొగ మంచులో కలిసిపోయి వాసనని బట్టే ఇళ్లు తెలుస్తున్నాయి. అంగన్‌వాడీ తొమ్మిదింటికి. మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు సెంటర్లోనే పెడతారు. అయితే పిల్లాడు సెంటర్‌కి వచ్చేముందు కడుపులో ఏం పడిందో రిజిస్టర్లో ఎక్కడా ఉండదు. అది చూడాలంటే ఇలా చీకట్లోనే బయల్దేరాలి అంది అమ్మ.

మొదటింట్లో అమ్మానాన్నా లేరు. కాఫీ పళ్లు కోతకొచ్చిన రోజులు, ఇద్దరూ తోటకి వెళ్లిపోయారు. ఏడేళ్ల అక్క పాలు లేని టీలో బిస్కెట్ ముంచి మూడేళ్ల తమ్ముడి నోట్లో పెడుతోంది. ఆ పిల్ల పద్ధతిగా పెడుతోంది, ముంచి, మరీ మెత్తబడకుండా తీసి, ఊది. ఎవరేమంటారు ఆ పిల్లని?

రెండో ఇంట్లో చద్దన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ. అమ్మ మెచ్చుకుంది. పక్కన రాత్రి పప్పు మిగిలితే అదీ వెయ్యమంది.

మూడో ఇంట్లో పొయ్యి పక్కన కుండ, కుండ పక్కన మామ్మ. మామ్మకి అంబలి, మామ్మ కొడుక్కి అంబలి, కోడలికి అంబలి. నాలుగేళ్ల మనవరాలి చేతిలో మాత్రం బిస్కెట్ ప్యాకెట్. పిల్ల సన్నగా ఉంది. కళ్లు మాత్రం పెద్దవి.

"అందరూ అంబలి తాగుతున్నారు కదా, దీనికెందుకు ఇవి?" అని అమ్మ అడిగింది.

మామ్మ మా వాకిట్లో మాట్లాడే ఆదివాసీ ఒరియాలో జవాబు చెప్పింది. చెప్తూ నావైపు చూపించింది. తెలుగులో చెప్పాలంటే ఇలా: "మేమంటే మట్టి పని చేసేవాళ్లం. ఇది నీ కొడుకులాగా చదువుకోవాలి కదా. అంబలి తాగితే చదువు వస్తాదా?"

మంచులో నా మొహం ఎవరికీ కనపడలేదు, అదృష్టం.

ఇక్కడ కాస్త ఆగి ఆ అంబలి సంగతి చెప్పాలి. చేయడం కష్టమేం కాదు, ముందుచూపు కావాలంతే. రాత్రి పడుకునే ముందు చోడిపిండిని నీళ్లలో జారుగా కలిపి కుండలో పెట్టేస్తారు. తెల్లారేసరికి పులుస్తుంది, చలికాలం అయితే పొయ్యి పక్కన పెడితేగానీ పులవదు. పొద్దున్నే ఎసరు పెట్టి గుప్పెడు నూకలు వేసి, అవి ఉడికాక పులిసిన పిండి పోస్తూ కలుపుతారు. చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. చల్లారాక ఉప్పు, ఉల్లిపాయ, ఉంటే మజ్జిగ. పొలానికి వెళ్లేవాళ్లు ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని పట్టుకెళ్తారు, మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. అదే తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో. పులియబెట్టడం వల్ల ఆ గింజలోని ఐరన్‌ని ఒంటికి అందకుండా పట్టుకుని ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. ఇవేవీ తెలియకుండానే మా వాళ్లు తరాలుగా కుండ పెడుతున్నారు.

నేనూ ఆ కుండ మీదే పెరిగాను. ఆరో తరగతిలో గురుకులంలో చేరేదాకా నా టిఫిన్ అదే.

ఇంజినీరింగ్‌కి విశాఖలో హాస్టల్. మొదటి వారం రాత్రిపూట గదిలో కూర్చుని ఇంటి తిండి తలుచుకుంటున్నారు అందరూ. ఒకడు పెసరట్టు ఉప్మా అన్నాడు, ఒకడు పూరీ కూర అన్నాడు, ఒకడు వాళ్లమ్మ చేసే దిబ్బరొట్టె గురించి పావుగంట చెప్పాడు. నా వంతు వచ్చింది. "ఇడ్లీ" అన్నాను. మా ఇంట్లో అప్పటికి ఇడ్లీపాత్రే లేదు.

నాలుగేళ్లూ ఆ ఇడ్లీ అబద్ధం అలాగే నడిచింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మా ఆఫీస్ క్యాంటీన్లో రాగిమాల్ట్ వచ్చింది. గాజుకప్పులో పోసి, పైన రెండు బాదం పలుకులు వేసి తొంభై రూపాయలు. కొని, ఫొటో తీసి అమ్మకి పంపాను. "అంబలికి తొంభై రూపాయలా?" అని రిప్లై వచ్చింది. పెద్ద జోకనుకుని ఆ స్క్రీన్‌షాట్ టీమ్ గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వారు. అదే మా ఇంటి టిఫిన్ అని మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు.

సెంటర్‌లో అమ్మ పాఠం చూడటం నాకదే మొదటిసారి. ఇంత వయసొచ్చి, ఆవిడ ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఒక్క పూట కూడా కూర్చుని చూడలేదంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

నేల మీద సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసింది. మూడు గదులు చేసింది. ముందురోజే పిల్లలకి చెప్పిందట, ఇంటి దగ్గర్నుంచి తినేది ఏదైనా ఒక్కటి పిడికిట్లో పట్టుకురమ్మని. చోళ్లు, సామలు, రాజ్మా గింజలు, మునగాకు రెమ్మ, బొప్పాయి ముక్క, చిలగడదుంప, ఒకడైతే ఏకంగా కోడిగుడ్డు జేబులో పెట్టుకొచ్చాడు, పగలకుండా! ఒకటి పరిగెత్తడానికి, ఒకటి పొడుగవడానికి, ఒకటి జ్వరం రాకుండా. అమ్మ చెప్పిన మూడు గదులు అవే. పిండిపదార్థాలు, మాంసకృత్తులు అనే మాటలే లేవు. ముందు ఒరియాలో చెప్పి, ఆ తర్వాత తెలుగులో చెప్తుంది. సెంటర్‌కి వచ్చిన కొత్తలో చాలామందికి తెలుగు రాదు. "పొద్దున్న పళ్లెంలో మూడు గదుల్లోంచీ ఒక్కోటి ఉండాలి, లేకపోతే ఆ గది ఏడుస్తాది" అంటే పిల్లలు నిజంగానే ఖాళీ గదివైపు జాలిగా చూస్తున్నారు.

పెద్ద కళ్ల పిల్ల పిడికిలి విప్పింది. బిస్కెట్ ప్యాకెట్ కవరు. ఖాళీది.

కొందరు నవ్వారు. అమ్మ నవ్వలేదు, తీసి పారేయనూ లేదు. గుండ్రం బయట, కాస్త దూరంలో పెట్టింది. "ఇది సంత రోజు చుట్టం. ఎప్పుడైనా వస్తాది, కూర్చుంటాది, ఎళ్లిపోతాది. రోజూ మన ఇంట్లోనే ఉంటే మనకి చోటుంటాదా?" అంది. పిల్ల ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

తర్వాత జబ్బల కొలతలు. ఐదేళ్లలోపు పిల్లలకి పై చేతి చుట్టూ ఒక రంగుల టేపు చుట్టి చూస్తారు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఆకుపచ్చ. 11.5కి తగ్గితే ఎరుపు, వెంటనే ఆస్పత్రికి పంపాలి. మధ్యలో పసుపు. ఆ పిల్ల చేతికి చుట్టిన టేపు 11.9 దగ్గర ఆగింది. నా బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే దాదాపు అంతే ఉంటుంది.

ఆ అంకె ఫోన్లో ఎక్కించే పని నాది. యాప్ తెరుచుకోదు, తెరుచుకుంటే ఫొటో ఎక్కదు. సిగ్నల్ కావాలంటే సెంటర్ వెనక బండ ఎక్కాలి. బండ మీద ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డప్పుడు అనిపించింది, ఈ యాప్ రాసినవాణ్ణి ఇక్కడికి తీసుకురావాలని. ఆ వెంటనే, నేను రాసే యాప్‌లు మాత్రం ఎక్కడ టెస్ట్ చేస్తున్నాను, ఆఫీస్ వైఫైలోనే కదా అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మీటింగ్ రోజు పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఒక తాతగారు వచ్చారు. తాతగారు కూడా ఇంట్లో మామ్మకి జ్వరమని వచ్చారుగానీ లేకపోతే రారు. నాన్నలు ఒక్కరూ లేరు. అమ్మ దాని గురించి ఏమీ అనలేదు, రిజిస్టర్లో రాసుకుంది.

గోడ మీద ఎప్పటిదో ఓ పోస్టర్ ఉంది. మంచి అల్పాహారం అని. అందులో గ్లాసు పాలు, బ్రెడ్డు ముక్కలు, ఆపిల్. ఒకావిడ దాన్ని చూసి, "ఆపిల్ అంటే జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకుంటే తెచ్చి ఇస్తారు, అదేనా?" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. అమ్మా నవ్వి పోస్టర్ మీద చాపకట్ట అడ్డం పెట్టేసింది.

నా వంతు ఒకటి అడిగి తీసుకున్నాను. హైదరాబాద్‌లో నేనుండేది తార్నాకలో, రోజూ జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచే ఆఫీస్‌కి వెళ్తాను. 1918లో కూనూరు కొండల మీద మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ అది. గేటు ముందు నుంచి వెళ్తే తెలివి వస్తుందనుకున్నానో ఏమో, ముందురోజు రాత్రి కూర్చుని లెక్కలు వేసిపెట్టుకున్నాను. అటక మీంచి ఒక ప్యాకెట్ తీసి వెనక అట్ట చదివాను. నూరు గ్రాములకి పాతిక గ్రాముల చక్కెర. రోజుకి ఇలాంటివి రెండు ప్యాకెట్లు తింటే, ఐదారు చెంచాలు. పళ్లెంలో చక్కెర పోసి చూపించాను. చిన్నపిల్లకి రోజుకి వెయ్యి కేలరీల పైచిలుకు కావాలనుకుంటే, అందులో పదో వంతుకి మించి ఇలాంటి చక్కెర నుంచి రాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఆ పాతిక గ్రాములూ టిఫిన్‌తోనే సరి. ఐదో వంతులో సగం... కాదు, ఇరవయ్యో వంతుకి తగ్గిస్తే ఇంకా మంచిదనీ అంటుంది. ఇక్కడ నేనే తికమకపడ్డాను. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవని చెప్పాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని కూడా చెప్పాను. బాగానే చెప్తున్నాననుకున్నాను.

కొట్టు వదిన చెయ్యెత్తింది. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టూ ఆవిడదే. నాలుగేళ్ల కొడుకున్నాడు, అందుకే మీటింగ్‌కి వచ్చింది.

"అన్నీ బాగున్నాయి మరిదీ. మరి మొన్న ఆటోలోంచి దించావు కదా అట్టపెట్టె, అందులో ఏటున్నాయి?"

గది నిశ్శబ్దమైపోయింది. ఆటోవాడు చెప్పేసినట్టున్నాడు. నేను అమ్మవైపు చూశాను. అమ్మ నావైపు చూడలేదు, పంట కింద దారం కొరికి ఏదో కుట్టుకుంటోంది.

"బిస్కెట్లు" అన్నాను. "అరవై."

"మరి నా దగ్గర కొనలేదే?" అంది వదిన. నవ్వులు.

ఆ నవ్వుల్లోనే నేను ఇడ్లీ సంగతి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. అంబలి తాగేవాణ్ణని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానని, నాలుగేళ్లు అబద్ధం చెప్పానని, ఇప్పుడు దాన్నే తొంభై రూపాయలకి కొంటున్నానని. ఎవరూ జాలిపడలేదు. మామ్మ మాత్రం ముందుకి వంగి, "అయితే నువ్వు అంబలి తాగే చదివావా?" అని అడిగింది.

"అవును మామ్మా. ఆరో తరగతి దాకా రోజూ."

"మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎన్నిసార్లు చెప్పాను!" అంది అమ్మ. "నా మాట ఎవులు వింటారు."

అసలు మీటింగ్ అప్పుడు మొదలైంది. చక్కెర చెంచాలు పక్కకి పోయి, పొయ్యి ముందుకొచ్చింది. కాఫీ పనికి ఆరున్నరకి జీపు వస్తుంది. ఐదింటికి లేచినా నీళ్లు, కట్టెలు, మేకలు. అంబలి కుండ రాత్రే పెట్టినా పొద్దున్నే ఎసరు పెట్టి, కలిపి, చల్లార్చి, పిల్లని లేపి తాగించడానికి గంట పడుతుంది. బిస్కెట్‌కి అయితే కవరు చింపితే చాలు. ఏడుపు ఆగుతుంది. పిల్లకి తినిపించకుండా వెళ్లిపోయానన్న బాధ కూడా ఉండదు, అంది మొదటింటి తల్లి. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతు కొంచెం మారింది. ఏ పోస్టర్ మీదా ఈ గంట సంగతి లేదు. ఉన్న గంటని ఎక్కడ్నుంచి తేవాలో నా లెక్కల్లోనూ లేదు.

అమ్మ అడిగింది, పొద్దున్నే ఇంటి దగ్గర ఉండేది ఎవరని. లెక్క తీస్తే వరసలో నాలుగిళ్లకి కలిపి మామ్మ ఒక్కతే. మామ్మ కుండ ఎలాగూ పెడుతుంది. కాస్త పెద్ద కుండ పెడితే? ఇంటికో సోలెడు పిండి, వంతులవారీగా కట్టెలు. పిల్లలు లేచి మామ్మ అరుగు మీదకి పోతే అక్కడే తాగేసి తొమ్మిదింటికి సెంటర్‌కి వస్తారు. అంబలితో పాటు ఉడికించిన చిలగడదుంపో, రాత్రి రాజ్మాయో, దొరికితే గుడ్డో. పిల్లలకి టీ వద్దు, పెద్దవాళ్లు తాగితే తిండికి దూరంగా తాగండి. "అంబలి ఒక్కటే దేవుడు కాదు, మూడు గదులూ నిండాలి" అని అమ్మ రెండుసార్లు చెప్పింది.

మామ్మ వెంటనే ఒప్పుకోలేదు. నాలుగిళ్ల పిల్లలు అరుగు మీద ఉచ్చపోస్తే ఎవరు కడుగుతారంది. దాని మీద పావుగంట చర్చ జరిగింది. చివరికి ఏడేళ్ల అక్క కడుగుతుందని తేలింది. నాకది నచ్చలేదు, చెప్పాను. "అయితే నువ్వు ఉండి కడుగు" అన్నారు.

పైవీధిలో మూడిళ్లవాళ్లు మాకు కుదరదన్నారు, అక్కడ మామ్మలు లేరు. కొట్టు వదిన మాత్రం ముభావంగా కూర్చుంది. లేచి వెళ్తూ అమ్మతో, "పొద్దున్న అమ్మే బిస్కెట్ల మీదే నాకు నూనె ఖర్చు వస్తాది టీచరమ్మా. మీరు మానిపిస్తే నేనేటి అమ్మాలి?" అంది. ఉడకబెట్టిన గుడ్లు, వేరుశనగ చిక్కీ, అరటిపళ్లు అమ్మమంది అమ్మ. "అరటిపండు మగ్గిపోతే, గుడ్డు పగిలిపోతే ఆ డబ్బు ఎవులిస్తారు? బిస్కెట్ ఆరు నెలలుంటాది." అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. వదిన కొడుకు కూడా ఆ సెంటర్ పిల్లాడే. వాడి జబ్బ టేపు ఆకుపచ్చలోనే ఉంది, పళ్లు మాత్రం ముందువి నాలుగూ నల్లగా పుచ్చిపోయాయి.

మర్నాడు పొద్దున్న నా రైలుకి ముందు అమ్మ నన్ను మామ్మ అరుగు మీదకి తీసుకెళ్లింది. పని అప్పజెప్పింది, ఏమిటంటే పిల్లల ఎదురుగా కూర్చుని అంబలి తాగడం. అంతే. ప్యాంటూ షర్టూ వేసుకుని, మెడలో ఆఫీస్ ఐడీ కార్డు కూడా వేసుకోమంది. అమ్మ మార్కెటింగ్ టీమ్‌లో ఉండాల్సింది.

ఐదుగురు పిల్లలు వరసగా కూర్చున్నారు. స్టీలు గ్లాసులు. మంచు ఇంకా విడలేదు. పదిహేనేళ్ల తర్వాత పులిసిన చోడంబలి తాగాను. నిజం చెప్తున్నా, మొదటి గుక్క నాకు నచ్చలేదు. బాదం పలుకులకి అలవాటు పడిన నాలుక కదా. పులుపు కొట్టింది, చిన్న ఉండ కూడా తగిలింది. మొహం మామూలుగా పెట్టి రెండో గుక్క తాగాను. నాలుగో గుక్కకి ఏదో పాత తలుపు తెరుచుకున్నట్టు పొలం, బుర్ర, నాన్న చేతి వాసన అన్నీ వచ్చాయి. గ్లాసు ఖాళీ చేసి బోర్లించాను.

పెద్ద కళ్ల పిల్ల నన్నే చూస్తోంది. ఐడీ కార్డు పట్టుకుని లాగి, దాని మీద ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత తన గ్లాసెత్తి సగం తాగింది. మిగతా సగం కోడిపిల్లలకి పోసింది. మామ్మ దాన్ని తిట్టబోతే, "సగం తాగింది కదా, ఉండనీ" అంది అమ్మ.

అట్టపెట్టె నాతోనే తిరిగి వచ్చింది. విశాఖ మీదుగా హైదరాబాద్ దాకా మోసి ఆఫీస్ ప్యాంట్రీలో పెడితే టెస్టింగ్ టీమ్ ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేసింది. ఈసారి టీమ్ గ్రూపులో అసలు సంగతి మొత్తం రాశాను. ఒకమ్మాయి, మాది పార్వతీపురం వైపు, మేమూ అదే తాగేవాళ్లం అని రిప్లై ఇచ్చింది. రెండేళ్లుగా పక్క సీటే తనది.

మొన్న రాత్రి అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. బండ ఎక్కి మాట్లాడుతున్నట్టుంది, గాలి హోరు. మామ్మకి రెండు రోజులు ఒళ్లు బాలేక కుండ పెట్టలేదట, మళ్లీ మొదలుపెట్టిందట. ఒక ఇల్లు పిండి ఇవ్వడం మానేసిందట. కొట్టు వదిన చిక్కీలు ఒక డబ్బా తెచ్చి చూస్తోందట. "ఆ పిల్లకి ఇయ్యాల టేపు పెట్టాను రా. 12.1. ఇంకా పసుపే. ఫొటో ఎక్కట్లేదు, గుండ్రంగా తిరగతన్నాది, ఏటి నొక్కాలో చెప్పు."